తాతమావ పేరు

మామ్మ జీడిపప్పుకి పొట్టు తీస్తూనే ఉంది. ఎదురుగా కాగితం పట్టుకుని, పొద్దుట్నుంచీ శశికళ అదే అడుగుతోంది.

"తాతకి తాత పేరు సెప్పు మామ్మా. రేపు ఆయన తవ్వించిన నూతికాడ రాయి పాతాల. సెక్కేవోడు సోంపేటలో పేరు కోసమే కూకున్నాడు."

"పెద్దరైతని సెక్కమను. ఊరంతా అలాగే అనీవోరు."

ఇసకలో కొబ్బరితోట పెంచాడు, కరువులో గంజి పోయించాడు, చచ్చిపోయిన తమ్ముడి పిల్లల్ని సాకాడు. అన్నీ రాసింది శశికళ. పేరొక్కటే లేదు. దస్తావేజులు తొంభైతొమ్మిది తుఫానుకి పోయాయి. తెలిసిన మగవాళ్లూ పోయారు.

"నీకు తెలుసు. సెప్పడానికేటి?"

"తాతమావ పేరు కోడలు అనకూడదే. మా ఆడపడుసు నా సెవిలో సెప్పింది, పొరపాట్న అనీకుండా ఉండాలని."

"నీతో నావల్ల కాదు. ఉత్త రాయే పాతేత్తాం."

"కోప్పడకే. రేపు శివుడి వారం, మంచిరోజే. సంతూరు బస్సు ఎల్లిపోకముందే ఎల్లి, పెద్దరైతనే సెప్పీ."

శశికళ కలం ఆగింది. మామ్మ సోమవారాన్ని ఎప్పుడూ శివుడి వారమనే అంటుంది. సోంపేటని సంతూరంటుంది. పక్కింటి సోమయ్యని గౌరి మొగుడంటుంది. చిన్నప్పుడు ఆ మాటలకి పిల్లలంతా నవ్వేవాళ్లు.

"ఆయన పేరూ సోమయ్యేనా?" అని మెల్లగా అడిగింది.

మామ్మ చేతిలో పప్పు వదిలేసి, కొంగు తలమీదకి లాక్కుంది.

శశికళ పేరు రాసుకుని లేచింది. గుమ్మంలో "సోంపేట ఎల్లొత్తాను" అనబోయి ఆగిపోయింది. ఏమీ అనకుండానే గడప దాటింది.