గోడను చూపిన బాణం

తెల్లవారితే రొమేనియాలోని క్లుజ్ నగరంలో కొత్త షాపింగ్ సెంటర్ తెరుస్తారు. అందులో దారి చూపే బోర్డులన్నీ రుక్సాండ్రా గీసినవే. పనివాళ్ళంతా వెళ్ళిపోయాక, ముసలి వాచ్‌మన్ కొస్తాకేను వెంటబెట్టుకుని ఆమె ఒక్కొక్క బోర్డే సరిచూసుకుంటోంది.

రెండో అంతస్తు చివర ఆమె ఆగిపోయింది. "బయటికి" అన్న బోర్డులో బాణం ఎడమకు చూపుతోంది. ఎడమ పక్కన ఉన్నది ఉత్త తెల్లగోడ.

"ఇది నేను గీసింది కాదు, బాబాయ్."

"అక్షరాలు నీవేగదమ్మా! నిద్రలేక నీ రాత నువ్వే మర్చిపోయావు," అని నవ్వాడు కొస్తాకే.

ఆమె గోడకు చెవి ఆనించింది. కాసేపటికి లోపలి నుంచి ఎవరో మెల్లగా రెండుసార్లు తట్టారు.

కొస్తాకే ముఖం పాలిపోయింది. "పోదాం పదమ్మా. దాని వెనక ఏమీ లేదు, ఈ సాయంత్రమే గోడ పెట్టి మూసేశారు."

"మూసేముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చూశారా?"

అతను వెళ్ళి గునపం తెచ్చాడు. పలుచటి అట్టగోడ నాలుగు దెబ్బలకే చీలింది. చీకట్లోంచి దుమ్ముకొట్టుకుపోయిన చెయ్యి ఒకటి బయటికొచ్చింది. రుక్సాండ్రా దాన్ని పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది.

అతను కరెంటు పని చేసే ఇలియే! నిచ్చెన మీంచి పడి స్పృహ తప్పాడట.

"ఆవిడేదమ్మా?" అన్నాడు బొంగురుగా. "నా పక్కనే కూర్చుంది. ఓపిక పట్టు, వాళ్ళకి దారి చెప్పొస్తానని వెళ్ళింది."

రుక్సాండ్రా లోపలికి టార్చి వేసింది. దుమ్ములో అతని బూట్ల గుర్తులు తప్ప ఇంకేమీ లేవు.

"చాలా థాంక్స్, అక్కా," అంది ఆ చీకటితో.