పదివేళ్ళ జాయ్స్

హెడ్‌సెట్టు కళ్ళకు పెట్టుకుంటే ధర్మతేజకు లోకమంతా కనిపిస్తుంది, ఒక్క కీబోర్డు తప్ప.

అరకులో సన్యాసిరావు రిసార్టుకు ఆనుకుని ఉన్న ఆటల గదిలో అతనికి పని. టూరిస్టులు హెడ్‌సెట్లు తగిలించుకుని లేని గుహల్లో తిరుగుతుంటారు. అతనూ ఒకటి తగిలించుకుని వాళ్ళ వెనకే వెళ్ళాలి. "ఎడమకు తిరగండి", "గబ్బిలాన్ని కొట్టండి" అని టైపు చేస్తే ఆ అక్షరాలు వాళ్ళ కళ్ళముందు గాల్లో తేలుతాయి.

ధర్మతేజ కొట్టేది రెండు వేళ్ళతో. హెడ్‌సెట్టు నుదుటి మీదికి ఎత్తడం, అక్షరం వెతకడం, నొక్కడం, మళ్ళీ దించడం. ఈలోగా గబ్బిలమే టూరిస్టును కొట్టేసేది. పోనీ ఎత్తకుండా కొడదామని చూస్తే, మొన్న "కుడికి" అనాల్సిన చోట "కుడితి" అని పడింది. హైదరాబాదు పెద్దమనిషి ఒకాయన ఆట మధ్యలో హెడ్‌సెట్టు తీసేసి, "కుడితి ఎక్కడుందయ్యా?" అని అడిగాడు.

సన్యాసిరావు మాటలు పొదుపుగా వాడే మనిషి. మర్నాడే రిసార్టు గేటుకు కాగితం అంటించాడు. "టూరిస్టులను హుషారు చేయుటకు, హెడ్‌సెట్ పెట్టుకుని, చూడకుండా కీబోర్డు వాడగలవారు కావలెను. శనివారం పరీక్ష."

"నువ్వూ కూకో పరీక్షకి. నెగ్గితే ఉంటావు. నేదంటే మీ అయ్య కాడికెళ్ళి ఉల్లిపాయలు తూసుకో" అన్నాడు ధర్మతేజతో.

ధర్మతేజ తండ్రికి ముంచింగిపుట్టు సంతలో ఉల్లిపాయల వ్యాపారం. ఆ బస్తాల మధ్య నుంచి తప్పించుకునే అతను అరకు వచ్చిపడ్డాడు.

గురువారం హుకుంపేట నుంచి ఒక అమ్మాయి వచ్చింది, పేరు ఇచ్చి వెళదామని. పేరు జాయ్స్. ధర్మతేజ గది తలుపు దగ్గరగా లాగి, వరండాలోనే నిలబెట్టి ఆరా తీశాడు.

"కీబోర్డు ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిదో ఏట నుంచండీ. మా తాత మోసెస్ నేర్పాడు."

"ఎన్ని వేళ్ళు వాడతావు?"

ఆ ప్రశ్న ఆమెకు వింతగా తోచినట్టుంది. "పదీనండి. దేవుడిచ్చినవి అన్నే కదా."

"సూడకుండానే?"

"చూస్తేనే తడబడతామండీ."

"హెడ్‌సెట్టు పెట్టుకుని ఎప్పుడైనా..."

"ఇంట్లో రోజూ పెట్టుకునే ప్రాక్టీసు చేస్తాను. లేకపోతే మా అవ్వ ఊరుకోదు."

ఇంట్లోనే హెడ్‌సెట్టు. ధర్మతేజ వరండా స్తంభాన్ని పట్టుకున్నాడు.

"స్పీడెంత?"

"అవతలివాళ్ళని బట్టండీ. వాళ్ళు నోరు తెరవడమే ఆలస్యం, నా వేళ్ళు పక్కనే నడిచిపోతాయి."

"తెలుగొక్కటేనా?"

"తెలుగు, ఒరియా, కువి, ఏదైనా ఒకటేనండి. మీటలు అవే కదా."

"మరి తప్పు పడితేనో?"

"పడినదాన్ని వెనక్కి తేలేం కదండీ. ఎవరూ గమనించకుండా ముందుకెళ్ళిపోవడమే."

"ఎక్కడ సేసేదానివి ఇదంతా?"

"మిషన్‌లోనండి. ఆదివారాలైతే రెండు గంటలు. క్రిస్మస్ నెలలో మాత్రం వేళ్ళు లాగేస్తాయి."

క్రిస్మస్‌కు మిషన్ ఆఫీసు నుంచి ఎన్ని ఉత్తరాలు పోతాయో ధర్మతేజ ఊహించుకున్నాడు.

"శనివారం వాన పడుద్దంట. బస్సులుండవేమో" అన్నాడు ఆశగా.

"జీపులుంటాయి కదండీ" అంది జాయ్స్.

ఆ రెండు రోజులూ ధర్మతేజకు వేరే ధ్యాస లేదు. బొట్టుబిళ్ళల అట్ట కొనుక్కొచ్చి, తడిమితే తెలిసేలా కొన్ని మీటల మీద అంటించాడు. కళ్ళకు తువ్వాలు కట్టుకుని కొట్టాడు. అన్నం తింటూ కంచం పక్కన వేళ్ళాడించాడు. ఒరియా జోలికి మాత్రం పోలేదు.

శనివారం వాన పడలేదు. తొమ్మిదింటికల్లా జాయ్స్ వచ్చి వరండాలో కూర్చుంది. ఇంకెవరూ రాలేదు.

ముందు ధర్మతేజ వంతు. సన్యాసిరావు చెప్పిన పది వాక్యాలనూ, పది వేళ్ళతో కాకపోయినా ఆరు వేళ్ళతో, హెడ్‌సెట్టు ఒక్కసారీ ఎత్తకుండా కొట్టాడు. మూడే తప్పులు. కుడితి ఎక్కడా పడలేదు.

"పర్లేదురా గుంటడా" అన్నాడు సన్యాసిరావు. "మూడు. ఆ గుంట రెండు సేసిందంటే మాత్రం నువ్వు ఉల్లిపాయలకే."

సన్యాసిరావు అటు తిరగ్గానే ధర్మతేజ బొట్టుబిళ్ళల కీబోర్డు తీసి బీరువాలో దాచాడు. బల్ల కింద మూలపడిన పాత కీబోర్డును తీసి చంకలో పెట్టుకున్నాడు. అందులో సగం మీటలు నొక్కితే పైకి లేవవు. అప్పుడు వెళ్ళి, గుమ్మంలోనే జాయ్స్‌కు హెడ్‌సెట్టు తగిలించి పట్టీ బిగించాడు.

"ఇది కళ్ళ మీదికొచ్చిందేటండీ?"

"కళ్ళ మీదికే రావాలమ్మా. అదే కదా పరీక్ష" అన్నాడు సన్యాసిరావు.

"సరేనండి. చూడకుండా అని రాశారుగా."

చెయ్యి పట్టి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ధర్మతేజ పాత కీబోర్డును ఆమె ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకున్నాడు.

జాయ్స్ ఒక్క క్షణం తల వంచింది. ప్రార్థన చేసుకున్నట్టుంది. తరవాత వీపు నిటారుగా పెట్టింది. పది వేళ్ళూ గాల్లో విచ్చుకుని మీటల మీద మెత్తగా వాలాయి. ఆ వాలడం చూసేసరికే ధర్మతేజ ముక్కుకు ఉల్లిపాయల ఘాటు తగిలింది.

వేళ్ళు ఎడమ చివరికి పాకాయి. కుడి చివరికి పాకాయి. రెండువైపులా బల్ల తగిలి ఆగాయి. మళ్ళీ మధ్యకొచ్చి, పైనా కిందా తడిమాయి.

"కానీయమ్మా, బేగి" అన్నాడు సన్యాసిరావు.

"సారూ, దీనికి నల్లమీటలు తగలటం లేదేటండీ, మరి పాట ఏ శ్రుతిలో ఎత్తుకోమంటారు?"