పెట్రోలు ఆవిరి

"హైవే మీద ఓ ఇరవై మైళ్ళు తిప్పి తెచ్చావా పెద్దాయనా?" అని అడిగాడు యోనాన్, ఇంజను మీద మూత ఎత్తుతూ.

"లేదు. ఇంటి నుంచి నేరుగా వచ్చాం."

"ముసలి బండ్లవాళ్ళంతా తిప్పే తెస్తారు. ఒళ్ళు వేడెక్కితే పొగ తగ్గుతుంది. పోనీ, పెట్రోలు మూతైనా కొత్తది పెట్టావా?"

"పాతదే. ఎలా ఉందో అలాగే చూడు."

యోనాన్ తల అడ్డంగా ఊపాడు. టర్లాక్ ఊళ్ళో అతను బండ్ల పొగ పరీక్షల షెడ్డు పెట్టి పదకొండేళ్ళయింది. ఇలా ఏ ముస్తాబూ లేకుండా బండి తెచ్చినవాణ్ణి చూడలేదు. బండి ఎనభై ఏడు నాటి నీలం వ్యాగను. తెచ్చినవాడు జెర్మానో. డెబ్బై నాలుగేళ్ళ పోర్చుగీసు మనిషి. పాటర్సన్ ఆప్రికాట్ తోటల్లో పని చేసి మానేశాడు. అతని భార్య డియోలిండా షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో తల స్కానింగుకి రాసిచ్చిన ఆసుపత్రి కవరు, చేతిలో జపమాల.

యోనాన్ బండి కాగితాలు తిరగేశాడు. "పరీక్ష గడువు ఇంకా ఏడు నెలలుందే. ఇప్పుడెందుకు తొందర?"

"గురువారం మొడెస్టో ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలోగా ఈ బండి సంగతి తేలాలి."

"మొడెస్టో ఎంత దూరం? వెనకనుంచి తోసుకుంటూ పోయినా సాయంత్రానికి చేరతారు."

జెర్మానో నవ్వలేదు.

"ఏమ్మా, ఈయన ఇంట్లోనూ ఇంతేనా?"

"ఇంట్లో ఇంకా తక్కువ. నీకు నాలుగు మాటలు ఎక్కువే దక్కాయి," అంది డియోలిండా. జపమాల పూస ఒకటి జరిపి, "ఆ బండికేం లేదులే బాబూ. నాకు తెలుసు," అంది.

"మీ నోటి చలవన అలాగే అవనీ," అన్నాడు యోనాన్.

వెనక చక్రాలు రోలర్ల మీదికి ఎక్కించి, పొగ గొట్టంలో సన్నని గొట్టం దూర్చి, యాక్సిలరేటర్ తొక్కాడు. షెడ్డు రేకులు అదిరాయి. తెర మీద అంకెలు పైకి పోయి, కిందికి దిగి, నిలబడ్డాయి.

"పొగ పాసు."

జెర్మానో టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

యోనాన్ పెట్రోలు మూత విప్పి చిన్న పరికరానికి బిగించి చూశాడు. "ఇదీ పాసే. ఎన్నేళ్ళ మూత ఇది? అదృష్టవంతుడివి పెద్దాయనా."

కుర్చీలో జపమాల ఆగిపోయింది. జెర్మానో అటు చూడకుండా టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇంకేం మిగిలింది?"

"ఆవిరి ఒక్కటే. టాంకులోకి కొంచెం గ్యాసు ఎక్కించి, దారులన్నీ మూసి, రెండు నిమిషాలు చూస్తాను. మీటరు ముల్లు నిలబడితే ఎక్కడా లీకు లేనట్టు. పడిపోతే ఉన్నట్టు. నీకెప్పుడైనా పెట్రోలు వాసన తగిలిందా?"

"నాకు వాసనలు తెలియవు. పళ్ళు ఎండబెట్టే చోట ముప్పై ఏళ్ళు గంధకం పొగ పెట్టాను. ముక్కు అప్పుడే చచ్చింది."

"మరి ఇంట్లో వాళ్ళకి?"

జెర్మానో ఒకసారి కుర్చీ వైపు చూశాడు. "మా అమ్మాయి పొద్దున్నే పనికి పోతూ రెండుసార్లు వచ్చి చూసింది. ఏ వాసనా లేదంది."

"ఇంకేం మరి."

గ్యాసు బుస్సుమంది. ముల్లు లేచింది. యోనాన్ గడియారం నొక్కాడు. ఒక నిమిషం ముల్లు కదల్లేదు. డియోలిండా కవరును రెండు చేతులతో పట్టుకుంది. జెర్మానో పెదవులు మాత్రం కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు.

ఆ తరవాత ముల్లు వెంట్రుకవాసి జరిగింది. ఇంకాస్త జరిగింది. ఇక ఆగలేదు.

"పడిపోయింది పెద్దాయనా," అన్నాడు యోనాన్ గొంతు తగ్గించి.

"ఇంకోసారి చూడు."

ఇలా అడిగేవాళ్ళు యోనాన్‌కి కొత్త కాదు. బిగింపులు తుడిచి మళ్ళీ పెట్టాడు. ముల్లు మళ్ళీ పడింది. ఆయన మొహం చూడలేక బండి కింద దూరి సబ్బు నీళ్ళు చల్లాడు.

"ఇదిగో, టాంకు పైన రబ్బరు గొట్టం పగిలింది. బుడగలు వస్తున్నాయి. బండి ఎక్కడ పెడతావు?"

"వంటింటి పక్క గదిలో."

"మధ్యాహ్నం ఎండకి టాంకు కాగితే ఆవిరి తోసుకొస్తుంది. పొద్దున చల్లని వేళ వచ్చి చూస్తే మీ అమ్మాయికేం తెలుస్తుంది?" యోనాన్ బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "చూడు, ఇంకా మీట నొక్కలేదు. నొక్కితే ఫెయిలని శాక్రమెంటోలో సర్కారు ఆఫీసుకి పోతుంది. గొట్టం చిన్న పని. మార్పించుకుని రా, అప్పుడే నొక్కుతాను."

"నొక్కు."

"ఫెయిలని పడుతుంది."

"అదే. నొక్కి కాగితమియ్యి."

యోనాన్ ఆయన్ని ఎగాదిగా చూసి నొక్కాడు. కాగితం వచ్చింది. జెర్మానో ఫెయిలన్న ఆ ఒక్క మాటనీ వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. తరవాత యోనాన్ జిడ్డు చేతిని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. బండి వెనక నుంచి ఎండబెట్టిన ఆప్రికాట్ల పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"ఫెయిలైనందుకే ఇంతిస్తే, పాసయితే ఏమిచ్చేవాడివి?"

"పాసయితే ఏమీ ఇచ్చేవాణ్ణి కాదు."

అలా అని కుర్చీ దగ్గరికి నడిచాడు. డియోలిండా లేచి నిలబడింది. ఆమె అడగలేదు, చూస్తోంది అంతే. జెర్మానో ఆసుపత్రి కవరు తీసుకుని చంకలో పెట్టుకుని, ఆమె చేతిలో ఆ కాగితం పెట్టాడు.

"నీ తలలో గడ్డేమీ లేదు డియోలిండా, నీకు తగిలే ఆ పెట్రోలు వాసన నిజంగానే వస్తోంది."