కారు కవరు మీద రెండు మచ్చలు

"ఈ ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగంమంది నా శిష్యులే. గుద్దేసుకునేది ఆ మిగతా సగం. నేను సీట్లో కూర్చున్నానంటే ఎంత మొండి బండైనా చెప్పినట్టు వింటుంది."

బావమరిది బదిలీ మీద వెళ్ళిపోతూ, తన పాత కారుని గేటు లోపల పెట్టి తాళాలు చేతికిచ్చినప్పుడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు అన్న మాటలివి. వీధిలో ఏడిళ్ళవాళ్ళు విన్నారు. ఎనిమిదో ఇంటి మామ్మగారికి చెవుడు, కనక ఆవిడకి గేటు దాకా వెళ్ళి మళ్ళీ చెప్పాడు.

మర్నాడు ఆదివారం. కూతురికి స్టేడియంలో పరుగు పందెం ఎంపికలు, వరసగా మూడు ఆదివారాలు. తల్లీకూతుళ్ళు ముస్తాబై కారెక్కారు. మాస్టారు బెల్టు పెట్టుకుని, అద్దాలు సవరించి, తాళం తిప్పాడు.

టక్.

అంతే. ఇంకో నాలుగుసార్లు తిప్పితే ఇంకో నాలుగు టక్‌లు వచ్చాయి. రెండు బస్సులు మారి వెళ్ళేసరికి స్టేడియంలో ఈలలు కూడా అయిపోయాయి.

మాస్టారి కారు కదల్లేదన్న కబురు మాత్రం ఏ కారూ తిరగనంత వేగంగా తిరిగింది. ఆయన పాల ప్యాకెట్టు కోసం కూడా వెనక వీధిలోంచి వెళ్ళడం మొదలుపెట్టాడు.

మెకానిక్కుని పిలిచారు. అతనూ ఒకప్పటి శిష్యుడే. "రోడ్డు మీదికి అసిస్టెంటు తీసుకెళ్ళేవాడు గానీ, మాస్టారు బోర్డు మీద మలుపు గీశారంటే క్లాసంతా ఒక పక్కకి ఒరిగిపోయేవాళ్ళమండీ," అని మాస్టారి భార్యతో చెబుతూనే కొత్త బ్యాటరీ బిగించాడు. సెల్ఫ్ కొడితే ఇంజను కూనిరాగం తీసింది.

మర్నాడు పొద్దున మళ్ళీ టక్.

మాస్టారు ఆ కారుని చంటిపిల్లలా చూసుకుంటున్నాడు. పడుకునే ముందు తనే వెళ్ళి లోపల మీటలన్నీ చూస్తాడు. ఏనుగు నిద్రపోయినా చిరగనంత మందం కవరు కప్పి నాలుగు మూలలా ముడి వేస్తాడు. తెల్లారకుండానే అందరికంటే ముందు లేచి, ముళ్ళు విప్పి, ఎలా ఉందో చూసుకుంటాడు. రెండో ఆదివారం ఎంపికల ముందు రోజైతే ఇంకో రెండు ముళ్ళు అదనంగా వేశాడు.

అయినా టక్. అయినా రెండు బస్సులు. ఈసారి వెళ్ళేసరికి గీతల మీద ముగ్గు కూడా చెరిపేస్తున్నారు. వచ్చే ఆదివారమే ఆఖరి అవకాశమనీ, ఆ రోజు కూడా రాకపోతే ఇక జట్టు మాట మరిచిపొమ్మనీ కోచ్ చెప్పింది. బస్సులో ఇంటిదాకా కూతురు కిటికీలోంచి బయటికే చూసింది. మాస్టారు తన చెప్పుల వంక చూసుకున్నాడు.

ఆ వారంలో మెకానిక్కు డైనమో విప్పాడు. వైర్లన్నీ తడిమాడు. కరెంటు ఎక్కడైనా కారిపోతోందేమోనని మీటరు పెట్టి చూశాడు.

"బండిలో దొంగ లేడు మాస్టారూ. చుక్క కూడా పోవట్లేదు."

"అదే నాకూ అర్థం కావట్లేదోయ్," అన్నాడు మాస్టారు, టైరు వైపు చూస్తూ.

మూడో ఆదివారం ఆవిడ మెకానిక్కుని కోడికంటే ముందే రప్పించింది. తాళం తిప్పితే షరా మామూలే. మెకానిక్కు తన బండి తెచ్చి పక్కన పెట్టి, కింద పడున్న కవరుని మడతపెట్టబోయి ఆగాడు. కవరు ముందు భాగంలో రెండు గుండ్రటి గోధుమరంగు మచ్చలు. పళ్ళేలంతేసి. ఇస్త్రీ పెట్టె మరిచిపోయినట్టు కమిలిపోయి ఉన్నాయి.

"రాత్రంతా ఎవరో హెడ్‌లైట్లు వేసి ఉంచుతున్నారమ్మా," అన్నాడు. "పైన ఈ దుప్పటి ఉంది కదా, వెలుగు బయటికి రావట్లా."

ఆవిడ కూతురి వైపు తిరిగింది.

"పాటలు వింటానని కార్లో దూరేది నువ్వేగా?"

"నేను లైట్ల జోలికే పోలేదమ్మా."

"మరి కారే వేసుకుందా? నీ పందెం నువ్వే పాడుచేసుకున్నావు, మీ నాన్న పరువు కూడా తీశావు."

కూతురు కిందికి వంగి, కట్టి ఉన్న బూట్ల తాళ్ళే విప్పి మళ్ళీ కట్టుకుంది. మాస్టారు కవరు అందుకుని, మచ్చలు లోపలికి పోయేలా మడతపెట్టాడు.

మెకానిక్కు తన బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి సెల్ఫ్ కొట్టాడు. ఇంజను గుర్రుమంది.

"ఇక ఆపకండి మాస్టారూ. అరగంట ఏకబిగిన నడిపితే బ్యాటరీ అదే నిండుతుంది. ఎక్కండి, పాప పందెం టైముకి అందుతుంది."

ఏడిళ్ళవాళ్ళూ గేట్ల దగ్గరికొచ్చారు. చూడ్డానికి చెవులతో పనిలేదు కనక మామ్మగారూ వచ్చింది.

మాస్టారు ఎక్కాడు. బెల్టు పెట్టుకున్నాడు. కుడి అద్దం, ఎడమ అద్దం, నడిమి అద్దం. సీటు ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి. అద్దం ఎందుకు సవరించుకోవాలో వెనక కూర్చున్న కూతురికి మూడు కారణాలు చెప్పాడు. నాలుగోది గుర్తు తెచ్చుకుంటూ ఉండగా పక్క సీట్లో ఆవిడ గడియారం చూసుకుంది.

వెనకనుంచి కూతురు మెల్లిగా అంది. "నాన్నా, లైట్లు నిజంగా నేను వేయలేదు. నువ్వన్నా నమ్ము."

మాస్టారి చేతులు స్టీరింగు మీద నుంచి జారాయి. బెల్టు తీసి కిందికి దిగి, మెకానిక్కుకి తలుపు పట్టుకున్నాడు.

"నువ్వు పోనీయవోయ్. తొందరగా."

"మీరుండగా నేనా? మీ ముందు స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతాయండీ."

ఏడిళ్ళూ, మామ్మగారూ చూస్తున్నారు. మాస్టారు చెవులు రెండూ కవరు మీది మచ్చల్లా కమిలిపోయాయి. వెనక కిటికీ దగ్గరికి వంగాడు.

"లైట్లు వేసింది నేనే తల్లీ, పదహారేళ్ళ నుంచీ నేను నడిపింది బోర్డు మీద సుద్దముక్కనే, నాకు కారు నడపడం రాదు."