ఆఖరి స్థానం

పరుగు పందెం ముగిసే గీతకి అడుగు దూరంలో, పక్కింటి దర్జీ వదిన ఆగి నావైపు తిరిగింది.

"దారిలో పదకొండుసార్లు ఎందుకాగావు?"

"లేసులు ఊడిపోయాయి వదినా."

"నీ బూట్లకి లేసులెక్కడివి? అతికించుకునేవేగా!"

దొరికిపోయాను. ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెంలో వరసగా ఆరుసార్లు వదినే ఆఖరు. ఈసారీ ఆఖరైతే పరుగు మానేసి కుట్టుమిషను ముందే కూర్చుంటానంది. తను మానేస్తే పొద్దున్నే నాకు తోడెవరు? అందుకే ఆ స్థానమేదో నేనే తీసుకుందామనుకున్నాను.

"నా మీద జాలి పడక్కర్లేదు. ముందు నువ్వు దాటు!"

"దాటను. మోకాలు పట్టేసినప్పుడు మూడు నెలలు నా చెయ్యి పట్టుకుని నడిపించావు. నువ్వే దాటు!"

గడియారం ఆపేశారు. మేం కదల్లేదు. గాలి నింపిన తోరణంలో గాలి తీసేశారు. అది మెల్లగా మా నెత్తిన వాలింది. దాని కిందనుంచే వాదించుకున్నాం. చివరికి ఒకాయన వచ్చి, "కాస్త జరగండమ్మా" అని, గీత గీసిన పట్టాని చాపలా చుట్టి చంకన పెట్టుకుపోయాడు.

సాయంత్రం ఫలితాలొచ్చాయి. గీత దాటనివాళ్ళని లెక్కలోకి తీసుకోలేదు. ఆఖరి పేరు, మేం రావడానికి అరగంట ముందే గీత దాటేసి, అవతల నిలబడి మమ్మల్ని చూసి పడీపడీ నవ్విన మా ఆయనది.

ఆయన తన బూట్లు అటక మీదికి విసిరేశారు. వదినా నేనూ ఇప్పుడు ఆయనకి చెరోపక్కా కూర్చుని, ఆఖర్న రావడంలో తప్పేమీ లేదని నచ్చజెబుతున్నాం.