ఓటుకి ముందే దిగిన బోర్డు

"తాతగారూ, పక్కకి జరగండి! బోర్డు నెత్తిన పడుతుంది!"

మేడమ్ కేకకి వీధి చివరి పిల్లి కూడా పక్కకి జరిగింది. తాతగారు మాత్రం జరగలేదు.

నిచ్చెన మీద ఇద్దరు పనివాళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీ పాత పేరున్న బోర్డు దించుతున్నారు. కొత్త పేరు బోర్డు గోడకి ఆనించి ఉంది. దాని నారింజ రంగు చూస్తే ఎండకే కళ్ళు చెదరాలి.

"పేరు మార్చడానికి వాటాదారుల ఓటు ఇవాళేగా?" అన్నారు తాతగారు. ఆయనా ఒక వాటాదారే.

"అవును. ఇంకాసేపట్లో."

"మరి ఓటు పడకుండానే దించేస్తున్నారేం?"

మేడమ్ నాలిక కరుచుకుంది. తొందర ఆమెకి పుట్టుకతో వచ్చింది. ఆమె నడుస్తుంటే లిఫ్టే తప్పుకుని దారిస్తుందని ఆఫీసులో చెప్పుకుంటారు. కంపెనీ ప్రచార విభాగానికి అధిపతిగా చేరి ఏడాది కాలేదు. కొత్త పేరు, కొత్త రంగు, వీధివీధినా ప్రకటనలు, అన్నీ ఆమె నెత్తికెత్తుకున్నవే. తీర్మానం వీగిపోతే ప్రచారం ఆగిపోతుంది, ఆమె ఉద్యోగమూ ఊడుతుంది.

"బాబూ, ఆ మేకులు పారేయకండి. సాయంత్రం మళ్ళీ కొట్టాల్సి రావచ్చు," అని పనివాళ్ళకి చెప్పి తాతగారు నవ్వుతూ లోపలికి నడిచారు.

మేడమ్‌కి ఒళ్ళు మండింది.

హాల్లో వాటాదారులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆమె తెర మీద బొమ్మలన్నీ చూపించింది. ఒక్కరూ నోరు మెదపలేదు. పక్కవాళ్ళ చెవుల్లో మాత్రం గుసగుసలాడారు.

అడిగితే జవాబు చెప్పొచ్చు. అడగనివాళ్ళకి ఏం చెబుతుంది?

అప్పుడు వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. ఎవరిదో వేరే చెప్పాలా?

"పేరు మారిస్తే పని మారుతుందా అమ్మాయ్?"

"మారదండీ. ఆస్పత్రిలో రోగి క్యూలో నిలబడకుండా చూడడమే మన సాఫ్ట్‌వేర్ పని. ఆ పని బాగానే చేశాం. చెప్పుకోవడమే మర్చిపోయాం."

"కొనేది ఆస్పత్రులు. వీధిలో జనానికి ప్రకటనలెందుకు? దండగ కాదూ!"

"నిలబడి నిలబడి కాళ్ళు లాగేది ఆస్పత్రికి కాదండీ, రోగికి. రోగి అడిగితేనే ఆస్పత్రి కొంటుంది!"

ముందు వరసలో ఒకాయన కట్టుకున్న చేతులు విప్పాడు.

తాతగారు వదల్లేదు. "ఇంత చేసినా జనం పట్టించుకోకపోతే?"

"మూడు నెలలకోసారి ఫలితం మీ ముందు పెడతాను. నచ్చకపోతే అక్కడే ఆపేయండి."

తలలు ఊగాయి.

"ఇంతకీ పాత పేరుకి ఏమొచ్చింది? లక్షణంగా ఉందిగా."

మేడమ్ ఓపిక అయిపోయింది. "లక్షణంగానా? ఆ పేరు వింటే ఎవరో బామ్మగారు మధ్యాహ్నం కునుకు తీసి లేచినట్టుంటుంది!"

హాలంతా గొల్లుమంది.

తాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు.

"నిజమే అమ్మాయ్. కునుకు పడితే ఆవిడ తొందరగా లేచే రకం కాదు."

అధ్యక్షుడు ఓటు అడిగాడు. కొత్త పేరుకి మొదట లేచిన చెయ్యి తాతగారిదే. దాని వెనక ఒక్కొక్కటే లేచి, హాలు చేతులతో నిండిపోయింది.

అభినందనల మధ్య మేడమ్‌కి అప్పుడు తట్టింది. అందరూ కడుపులో దాచుకున్న అనుమానాలని ఆయనొక్కరే బయటికి లాగారు. తను జవాబు చెప్పుకోవాలనే లాగారు!

చూస్తే తాతగారి కుర్చీ ఖాళీ. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీదుగా పరిగెత్తింది.

బయట కొత్త బోర్డు ధగధగలాడుతోంది. తాతగారెక్కిన ఆటో వీధి మలుపు తిరుగుతోంది. పాత బోర్డు అంచు అందులోంచి బయటికి పొడుచుకొచ్చి కనిపించింది.

"ఆ బోర్డు తాతగారికి ఎందుకిచ్చారు?"

పనివాడు ఆమె చేతిలో మేకులు పోశాడు.

"ఇవి మీకిక అక్కర్లేదని చెప్పమన్నారమ్మా. ఒకప్పుడు ఈ కంపెనీ పెట్టింది ఆయనేనట. పోయిన వాళ్ళావిడ పేరట అది, ఇంటికి తీసుకెళ్తానన్నారు."