కుడిచేతి వాచీ

మధ్యాహ్నం రెండుగంటల పది నిమిషాలు. ఎండ నలభై డిగ్రీలు దాటింది. గాలి పేరుకైనా లేదు. ఫోటో దుకాణంలో ఫ్యాను తిరుగుతోంది గాని, అది వేడినే ఇటునుంచి అటు తోస్తోంది.

డిజైనరు కోపానికి కారణం ఎండ కాదు. ఏళ్లతరబడి చేయి అలవాటుపడిన ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఆ ఉదయం తెరుచుకోలేదు. యజమాని ఈసారి చందా కట్టలేదు. కట్టకపోగా, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే మరొకదాన్ని కంప్యూటర్లో పెట్టించి, "ఇదీ ఫోటోలు దిద్దేదేగా, దీంతో కానివ్వు" అని భోజనానికి వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడే మరొక కోపం వచ్చి ఎదురుగా కూర్చుంది. అరవై దాటిన ఆవిడ. సంచిలోంచి ఒక పెళ్లి ఫోటో తీసి బల్లమీద పెట్టింది.

"ఈ చివర కూర్చుని సాక్షి సంతకం పెడుతూ నవ్వుతున్నాడే, ఆయన మా ఆయన. పోయి నెల కావస్తోంది. ఈ గుంపులోంచి ఆయనొక్కణ్ణీ విడదీసి పెద్దది చెయ్యాలి. ఐదింటికి సంస్మరణ సభ."

"ఎంత పెద్దదమ్మా?"

"గోడంత."

"అంతెందుకు?"

"హాలు ఖాళీగా కనబడకుండా! ఎవరొస్తారు నాయనా ఆయన కోసం? 'అన్నయ్య ఉన్నా లేనట్టే ఉన్నాడు, మళ్లీ సభెందుకు వదినా' అంటున్నారు మా మరుదులు. వాళ్ల నోళ్లు మూతపడాలి. మనుషుల్ని ఎలాగూ తేలేను, ఫోటో అయినా పెద్దగా ఉండాలి."

డిజైనరు ఫోటోను స్కాన్ చేసి, కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిచాడు. అయిదు నిమిషాలకే మౌస్‌ను బల్లకేసి కొట్టాడు.

"కత్తిరించే మీట, చెరిపే మీట, అన్నీ కీబోర్డులో కుడి చివరే! మౌస్ పట్టుకుంటే మీట అందదు, మీట నొక్కాలంటే మౌస్ వదలాలి. దీన్ని రాసినవాడు జన్మలో ఒక్క ఫోటో అయినా దిద్దాడా అని!"

"ఎవరు రాశారేమిటి?"

"ఎవడో పనీపాటా లేనివాడు. ఊరికే పంచిపెడుతున్నాడంటే తెలియడంలా? మా ఓనరేమో ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం. వాడికీ వీడికీ సరిపోయింది, మధ్యలో నా ప్రాణానికొచ్చింది."

'ఊరికే' అన్న మాట ఆవిడకు ఎక్కడో తగిలింది.

"ఊరికే చేసేవాళ్ల సంగతి నన్నడుగు. ఈ మహానుభావుడూ అంతే. ముక్కూమొహం తెలియనివాళ్లకి జీవితమంతా చాకిరీ. ఇంట్లో కుళాయి కారుతుంటే మాత్రం తీరిక లేదు. ఏం చేస్తున్నావయ్యా అంటే, 'ఎవరికో ఏదో ఇబ్బంది వచ్చిందట' అనేవాడు. ఆ ఎవరో ఒక్కరైనా వచ్చి మా గడప తొక్కారా?"

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, అందుకే."

"రచ్చ మాత్రం ఏం గెలిచాడు!"

ఆ తర్వాత ఇద్దరికీ మాట కలిసింది. ఒకరు తిడుతుంటే మరొకరు అందుకున్నారు. తిట్టేది చెరొకరినైనా తిట్లు ఒక్కటే: చేతకానివాడు, లోకజ్ఞానం లేనివాడు, తన గొయ్యి తనే తవ్వుకున్నవాడు.

ఇంతలో డిజైనరు ఒక సంగతి గమనించాడు. ఫోటోలో మనిషి వాచీ కుడిచేతికి ఉంది. కలం ఎడమచేతిలో ఉంది. పాతకాలపు ఫోటోల్లో ఫిల్మును తిరగేసి ప్రింటు వేసిన పొరపాట్లు అతడెన్నో చూశాడు, ఇదీ అలాంటిదేననుకున్నాడు. అడగకుండానే కుడిని ఎడమకు, ఎడమను కుడికి మార్చాడు.

ఆవిడ తెరవైపు చూసి లేచి నిలబడింది.

"ఎవరిది ఈ మొహం?"

"మీవారిదేనమ్మా. ఫోటో తిరగబడి ఉంటే సరిచేశాను."

"నిన్నెవరు సరిచెయ్యమన్నారు? ఆయనది ఎడమచేతి వాటం! బతికున్నన్నాళ్లూ అందరూ ఆయన్ని సరిచెయ్యబోయినవాళ్లే, పోయాక నువ్వు తయారయ్యావా? తిప్పు! ముందు తిప్పు!"

తిప్పబోతుండగా కరెంటు పోయింది. కంప్యూటరు ఆరిపోయింది. చేసిన పని ఎక్కడా భద్రపరచలేదని గుర్తొచ్చి డిజైనరు తల పట్టుకున్నాడు. కరెంటు వచ్చేసరికి నాలుగు దాటింది. మళ్లీ మొదటినుంచి చేస్తే సభకు అందదు.

సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, ఆపిన చోటునుంచి కొనసాగిస్తారా అని అడిగింది. విడదీసిన మనిషి చెక్కుచెదరకుండా ఉన్నాడు. చేసిన ప్రతి మార్పూ, దాని వెనకటి రూపంతో సహా, ఎవరూ చెప్పకుండానే దాచి ఉంచింది.

"ఇదొక్కటి బాగానే ఏడిచాడు," అన్నాడు డిజైనరు.

"ఈయనా అంతే, ఏదీ పారెయ్యనిచ్చేవాడు కాదు. విరిగిన కళ్లజోళ్లు కూడా డబ్బాలో దాచాడు," అంది ఆవిడ, ఇంకా కోపంగానే.

వాచీ కుడిచేతికి తిరిగొచ్చింది. ఫోటో సమయానికి హాలు చేరింది.

పట్టుమని పదిమంది రాలేదు. మరుదులు మొదటి వరసలో కూర్చుని, ఖాళీ కుర్చీలను వెనక్కి తిరిగి మరీ చూశారు. చివర్లో ఎవరో అమ్మాయి వచ్చి, గోడమీది ఫోటోను ఫోనులో తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది. హాలు పొరబడి వచ్చిందనుకుంది ఆవిడ.

యజమాని మళ్లీ చందా కట్టలేదు. డిజైనరు తిట్టుకుంటూనే ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తూ వచ్చాడు.

నాలుగేళ్ల తర్వాత దాన్ని వాడేవాళ్లే కొందరు కలిసి కొత్త కూర్పు తెచ్చారు. అది తెరుచుకునే ప్రతి కంప్యూటరు మీదా, మొదటినుంచీ దాన్ని ఒంటరిగా రాసి లోకానికి ఊరికే ఇచ్చినవాడి జ్ఞాపకంగా, కుడిచేతికి వాచీ పెట్టుకుని ఎడమచేత్తో సంతకం పెడుతూ నవ్వుతున్న ఒక మనిషి కనిపిస్తాడు.